యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 8, 1948) తెలుగువాడైన సుప్రసిద్ధ వైద్య శాస్త్రజ్ఞుడు, జీవరసాయన శాస్త్రవేత్త. బోదకాలు వ్యాధికి నేటికీ వాడుతున్న డైఇథైల్ కార్బమజైన్ (హెట్రజాన్) అనే మందు, రక్తహీనతలో వాడే ఫోలిక్ ఆమ్లపు కృత్రిమ తయారీ, తొలి టెట్రాసైక్లిన్ జాతి మందు అయిన ఆరియోమైసిన్, కాన్సర్ చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్ - ఇవన్నీ ఆయన నడిపిన పరిశోధనశాల నుండి వెలువడ్డాయి. వీటిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రజల జీవితానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చినది మొదటిది. చంపావతి నది పరిసరాలలోని గజపతినగరం మొదలుకొని సముద్రతీర గ్రామాల వరకు, బోదకాలు ఈ ప్రాంతంలో తరతరాలుగా ఉన్న వ్యాధి. ఆ మందును కనుగొన్నవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడన్న సంగతి మాత్రం ఆ మాత్రలు మింగిన వారిలో చాలా మందికి తెలియదు.

బాల్యం, చదువు

సుబ్బారావు భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి రెవిన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వలన ఆయన ముందుగానే ఉద్యోగం మానుకోవడంతో కుటుంబం ఇబ్బందులలో పడింది. సుబ్బారావుకు చిన్నతనంలో చదువుపై శ్రద్ధ తక్కువ. పదమూడేళ్ళ వయసులో, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలని ఇల్లు విడిచి బయలుదేరాడు. దారిలోనే పట్టుకొని వెనుకకు తెచ్చారు. తల్లి పట్టుదలతో రాజమండ్రిలోను, తరువాత మద్రాసు తిరువళ్ళిక్కేణి హిందూ ఉన్నత పాఠశాలలోను చదివి, మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. పరీక్ష తప్పిన పిల్లలను పనికిరానివారిగా లెక్కించే తల్లిదండ్రులు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవవచ్చు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే రోజులలో రామకృష్ణ మఠం వైపు ఆకర్షితుడై సన్యసించాలనుకున్నాడు. తల్లి అంగీకరించలేదు. వైద్యం చదివి సేవ చేయవచ్చునన్న ఆలోచనతో మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు ఆర్థిక సహాయం చేసాడు. భార్య పేరు శేషగిరి. స్వాతంత్ర్యోద్యమ ప్రభావంతో సుబ్బారావు ఖద్దరు కోటు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్ళడం ఆంగ్లేయుడైన ఆచార్యునికి ఆగ్రహం కలిగించింది. రాత పరీక్షలు బాగానే వ్రాసినా, చివరకు ఎం.బి.బి.యస్. పట్టా బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది.

ప్రభుత్వ వైద్య సేవలో స్థానం దొరకక, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపిన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు. ఆయుర్వేద గ్రంథాలలో బోదకాలుకు శ్లీపదం అని పేరు. సుశ్రుత సంహితలో దాని లక్షణాలు, చికిత్స వర్ణింపబడి ఉన్నాయి. ఇంతలో ఇద్దరు సోదరులు కొద్ది కాలం తేడాతో మరణించారు. వారిలో ఒకరిని బలిగొన్నది స్ప్రూ అనే ఉష్ణదేశపు వ్యాధి. ఉష్ణమండల వ్యాధులపై ఆయన పట్టుదలకు ఈ మరణాలే మూలమని జీవిత చరిత్రకారులు భావిస్తారు.

అమెరికాలో

మామగారి తోడ్పాటుతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయంతోను 1920ల తొలి సంవత్సరాలలో ఓడనెక్కి బోస్టన్ చేరాడు. హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరాడు గాని, భోజనం, అద్దె గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేయవలసి వచ్చింది. భార్యను మరల చూడలేదు.

హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఫిస్కే - సుబ్బారావు పద్ధతి అని నేటికీ జీవరసాయన విద్యార్థులు దీనిని నేర్చుకుంటారు. ఈ కొలత చేతికి వచ్చిన తరువాతనే కండరాలలోని ఫాస్ఫోక్రియేటిన్ (1927), ఎ.టి.పి. (1929) బయటపడ్డాయి. ఎ.టి.పి.ని అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. 1930లో సుబ్బారావుకు పి.హెచ్.డి. లభించింది. హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం మాత్రం లభించలేదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ లో ఉన్న లెడర్లీ సంస్థకు మారి, అక్కడి పరిశోధన విభాగానికి సంచాలకుడయ్యాడు. ఇకపై ఆయన పేరు పరిశోధన పత్రాలలో కంటే పరిశోధన ప్రణాళికలలో ఎక్కువ కనబడుతుంది. ఎవరికి ఏ సమస్య అప్పగించాలో, ఏ దారి విడిచిపెట్టాలో నిర్ణయించడం ఆయన పని. అందుచేత ఈ మందులన్నీ ఆయన ఒక్కడే కనిపెట్టాడనడం అతిశయోక్తి. ఆయన లేకుంటే ఇన్ని ఒకే చోట, ఆ కొద్ది సంవత్సరాలలో వచ్చి ఉండేవి కావనడం మాత్రం న్యాయమే.

హెట్రజాన్

బోదకాలుకు కారణం వుచరేరియా బాంక్రాఫ్టి అనే దారం వంటి పురుగు. మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దీనిని ఒకరి నుండి మరొకరికి చేరుస్తుంది. పెద్ద పురుగులు శోషరస నాళాలలో సంవత్సరాల తరబడి నివసించి, మైక్రోఫైలేరియా అనే కోట్లాది పిల్లలను రక్తంలోకి వదులుతాయి. ఇవి రాత్రివేళ రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి గనుక ఆరోగ్య సిబ్బంది రక్తపు చుక్క కోసం రాత్రి పూట ఇళ్ళకు వస్తారు. నాళాలు దెబ్బతిని శోషరసం పాదం, చీలమండ, పిక్కలలో నిలిచిపోతుంది. మొదట తెల్లవారేసరికి తగ్గిపోయే వాపు క్రమంగా నిలిచిపోయి, చర్మం మందమై ముడతలు పడుతుంది.

రెండవ ప్రపంచ యుద్ధంలో దక్షిణ పసిఫిక్ దీవులలో పోరాడిన అమెరికా సైనికులలో వేలాది మందికి ఈ వ్యాధి సోకడంతో, పేద దేశాల జబ్బుగా పక్కన పెట్టబడిన బోదకాలుపై అమెరికా దృష్టి పడింది. అప్పటికి చేతిలో ఉన్నవి యాంటిమొని, ఆర్సెనిక్ కలిసిన విషపూరితమైన మందులు. లెడర్లీలో రెజినాల్డ్ హెవిట్ తదితరులు, సహజంగానే ఫైలేరియా జాతి పురుగు సోకే ఒక రకం అమెరికా ఎలుకలపై అనేక రసాయనాలను పరీక్షించారు. వాటిలో పైపరజైన్ నుండి తయారైన ఒక పదార్థం రక్తంలోని పురుగు పిల్లలను త్వరగా తొలగించింది. 1947లో వెలువడిన ఆ పరిశోధన పత్రంలో హెవిట్ తో పాటు సుబ్బారావు పేరు కూడా ఉంది. అదే సంవత్సరం ప్యూర్టోరికోలో రోగులపై జరిపిన పరీక్షల ఫలితాలు ప్రకటింపబడ్డాయి. నోటితో మింగే మాత్ర కావడం, ధర తక్కువ కావడం దీని గొప్పతనం. ఇదే మందు మన దేశంలో బానోసైడ్ అనే పేరుతో పరిచయం.

ఈ మందుకు హద్దు కూడా ఉంది. రక్తంలోని పిల్లలను ఇది బాగా తొలగిస్తుంది, పెద్ద పురుగులలో కొన్నిటినే చంపుతుంది. ముదిరిన వాపును మాత్రం తిరిగి మామూలు కాలుగా మార్చలేదు. అందువలన మాత్ర వేసుకున్నా కాలు తగ్గలేదని మందును నిందించడం సరికాదు. మాత్ర ముఖ్యంగా రేపటి రోగులను తగ్గించడానికి. మింగిన తరువాత వచ్చే జ్వరం, తలనొప్పి, దురద చాలావరకు పురుగులు చనిపోవడం వలన కలిగేవి.

మరణం

సుబ్బారావు అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. భారతీయులకు పౌరసత్వం ఇచ్చే చట్టం 1946లో వచ్చినా ఆయన విదేశీయుడిగానే ఉండిపోయాడు. హెట్రజాన్ ఫలితాలు ప్రకటించిన మరుసటి సంవత్సరమే, 1948 ఆగష్టులో, 53 ఏళ్ళ వయసులో న్యూయార్కులో నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. ఆయన బృందం తయారు చేసిన అమినోటెరిన్ తో పిల్లల రక్త కాన్సర్ తాత్కాలికంగానైనా తగ్గుతుందని సిడ్నీ ఫార్బర్ ప్రకటించి అప్పటికి రెండు నెలలు. సంస్థలోని సహచరులు ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్ అని ఆయన పేరు పెట్టారు. భారత ప్రభుత్వం శతజయంతి సంవత్సరమైన 1995లో తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మందు ఆంధ్రదేశానికి చేరిన తరువాత

భారతదేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. మొదట రక్త పరీక్షలో పురుగు ఉన్నవారికే పన్నెండు రోజులు మాత్రలిచ్చేవారు. 2004 నుండి వ్యాధి ఉన్న జిల్లాలలో, జబ్బు ఉన్నా లేకపోయినా అందరికీ సంవత్సరానికి ఒకసారి డి.ఇ.సి. మాత్రలు పంచే పద్ధతి దేశవ్యాప్తంగా వచ్చింది. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర అనారోగ్యం ఉన్నవారికి ఇవ్వరు. ఆరోగ్యంగా ఉన్నవారు మందు ఎందుకు మింగాలన్న సందేహంతో ఇంటికి తెచ్చిచ్చిన మాత్రలను గూటిలో పెట్టి మరచినవారు తక్కువ కాదు. పురుగు రక్తంలో ఉన్నా చాలా మందిలో ఏ లక్షణమూ కనబడదన్నదే దీనికి సమాధానం. చైనా ఈ మందును ఉప్పులో కలిపి కూడా పంచింది. ఆ దేశంలో బోదకాలు నిర్మూలన జరిగినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో గుర్తించింది.

ఇప్పటికే కాలు వాచినవారికి ప్రధాన చికిత్స సబ్బు, నీరు. గజ్జలలో బిళ్ళలు కట్టి, చలి జ్వరంతో కాలు ఎర్రబడి మంట పుట్టే దాడులు చాలావరకు కాలివేళ్ళ సందులలోని ఒరుపుల నుండి, పగుళ్ళ నుండి ప్రవేశించే సూక్ష్మజీవుల వలన వస్తాయి. ఒక్కొక్క దాడి వాపును మరికొంత పెంచుతుంది. అందువలన రోజూ కాలిని, ముఖ్యంగా వేళ్ళ సందులను, ముడతలను సబ్బుతో మృదువుగా కడిగి, మెత్తని గుడ్డతో పూర్తిగా తడి తుడవాలి. ఒరుపులకు శిలీంధ్ర నాశక లేపనం రాయాలి. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కాలు ఎత్తున పెట్టుకోవాలి. చీలమండను పైకి, కిందికి, గుండ్రంగా తిప్పుతుండాలి. బిగుతు లేని చెప్పులు వాడాలి. జ్వరం వచ్చిన రోజులలో వ్యాయామం మాని వైద్యుని వద్దకు వెళ్ళాలి. వరినాట్ల రోజుల్లో మోకాలి లోతు బురదలో పనిచేసే కూలీలకు ఈ నియమాలు పాటించడం కష్టమే గాని, పొలం నుండి వచ్చిన వెంటనే కడిగి తుడుచుకోవడం వారికీ సాధ్యమే.

వాచిన పాదాలన్నీ బోదకాళ్ళు కావు. గుండె, మూత్రపిండాల జబ్బులలో, ఉబ్బిన సిరలు ఉన్నవారిలో కూడా పాదాలు వాస్తాయి. రెండు పాదాలూ ఒకేసారి వాచినప్పుడు ముందుగా వీటిని పరీక్షించడం అవసరం. వ్యాధి ముదిరి పని చేసుకోలేని వారికి ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు పింఛను ఇస్తున్నాయి.