పేగు రాసిన ఉత్తరం: ఎర్నెస్ట్ స్టార్లింగ్ కథ



పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల తర్వాత మాకు ఎక్కువగా వినిపించేది లంచ్ బాక్స్ గొడవే. పెట్టింది పెట్టినట్టే తిరిగి వస్తోందని కొందరు అమ్మలు బాధపడతారు. ఎంత పెట్టినా చాలడం లేదని మరికొందరు నవ్వుతూ చెబుతారు. అసలు ఆకలి వేసిందని, కడుపు నిండిందని మన మెదడుకు ఎవరు చెబుతారు? ఈ ప్రశ్నకు ఇప్పుడు సైన్స్ దగ్గర ఉన్న జవాబుకు పునాది వేసిన ఇద్దరిలో ఒకరు ఎర్నెస్ట్ హెన్రీ స్టార్లింగ్. మన పిల్లలు పాఠాల్లో చదివే హార్మోన్ అనే మాటను ప్రపంచానికి పరిచయం చేసింది ఆయనే.

స్టార్లింగ్ 1866 ఏప్రిల్ 17న లండన్‌లో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఆయనే పెద్దవాడు. తండ్రి మాథ్యూ న్యాయవాది. ఉద్యోగం మన దేశంలోనే, బొంబాయిలో. ఇంటికి రావడం దాదాపు మూడేళ్లకు ఒకసారి. పిల్లలందరినీ పెంచింది తల్లి ఎల్లెన్. నాన్న గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటే అమ్మే అన్నీ చూసుకునే ఇళ్లు మన స్కూల్‌లోనూ ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

పదహారేళ్ల వయసులో, 1882లో, ఆయన లండన్‌లోని గైస్ హాస్పిటల్ మెడికల్ స్కూల్‌లో చేరారు. డాక్టర్‌గా ప్రాక్టీసు పెట్టుకుంటే డబ్బుకు లోటుండదు. కానీ ఆయన మనసు శరీరం ఎలా పనిచేస్తుందన్న ప్రశ్న మీదే ఉండిపోయింది. జర్మనీలోని హైడెల్‌బర్గ్ వెళ్లి అక్కడి ప్రయోగశాలలో పని నేర్చుకున్నారు. 1891లో ఫ్లారెన్స్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె అప్పటికే భర్తను పోగొట్టుకున్న స్త్రీ. 1899లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిజియాలజీ ప్రొఫెసర్ అయ్యారు.

అక్కడ ఆయనకు తోడుగా నిలిచినవారు విలియం బేలిస్. వయసులో ఆరేళ్లు పెద్ద. ఇద్దరి స్వభావాలకూ పొంతన లేదు. స్టార్లింగ్‌ది తొందర, ముక్కుసూటి మాట. బేలిస్ నెమ్మదైన మనిషి, ఒక్కో అడుగూ చూసి వేసేవారు. 1893లో బేలిస్ స్టార్లింగ్ చెల్లెలు గెర్ట్రూడ్‌ను పెళ్లి చేసుకోవడంతో ఇద్దరూ బావా బావమరదులు కూడా అయ్యారు.

ఆ రోజుల్లో జీర్ణక్రియ అంటే అందరికీ గుర్తొచ్చే పేరు రష్యాకు చెందిన ఇవాన్ పావ్‌లోవ్. కడుపులోని ఆమ్లం చిన్నపేగులోకి రాగానే క్లోమగ్రంథి జీర్ణరసం వదులుతుంది. ఆ కబురు క్లోమానికి నరాల ద్వారానే చేరుతుందని పావ్‌లోవ్ నమ్మారు. అంత పెద్ద మనిషి చెప్పినదాన్ని సందేహించడానికి చాలామందికి ధైర్యం చాలలేదు.

1902 జనవరి 16న స్టార్లింగ్, బేలిస్ దాన్ని పరీక్షించారు. మత్తుమందు ఇచ్చిన కుక్కలో చిన్నపేగు ముక్క ఒకదానికి నరాల సంబంధం పూర్తిగా తెంచారు. రక్తనాళాలను మాత్రం అలాగే ఉంచారు. ఆ ముక్కలో ఆమ్లం పోశారు. నరాలే కబురు మోస్తుంటే ఇక ఏమీ జరగకూడదు. కానీ క్లోమరసం చుక్కలు చుక్కలుగా రావడం మొదలైంది. అంటే కబురు రక్తంలోనే వెళ్లి ఉండాలి. స్టార్లింగ్ అక్కడితో ఆగలేదు. పేగు లోపలి పొరను గీకి, ఇసుక, ఆమ్లంతో నూరి, వడకట్టి, ఆ ద్రవాన్ని కుక్క రక్తంలోకి ఎక్కించారు. కొద్దిసేపట్లోనే క్లోమరసం మళ్లీ వచ్చింది. పేగు తయారుచేసి రక్తంలో పంపే ఆ రసాయనానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. పేగు ఉత్తరం రాస్తే రక్తం పోస్ట్‌మ్యాన్‌లా దాన్ని క్లోమానికి అందిస్తోందన్నమాట.

ఈ వార్త రష్యా చేరింది. పావ్‌లోవ్ తన ప్రయోగశాలలో అదే ప్రయోగం చేయించారు. అదే ఫలితం వచ్చింది. ఆయన ఏమీ మాట్లాడకుండా తన గదిలోకి వెళ్లిపోయారట. కాసేపటికి బయటకు వచ్చి, వాళ్లు చెప్పిందే నిజమని, సత్యాన్ని కనిపెట్టే హక్కు మన ఒక్కరిదే కాదని శిష్యుల ముందు ఒప్పుకున్నారట. రెండేళ్ల తర్వాత జీర్ణక్రియ మీద చేసిన కృషికి పావ్‌లోవ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. స్టార్లింగ్‌కు అది ఎన్నడూ రాలేదు.

1905లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో స్టార్లింగ్ ఇలాంటి రసాయన దూతలన్నింటికీ కలిపి హార్మోన్ అనే పేరు వాడారు. కదిలించడం, ప్రేరేపించడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి అది వచ్చింది. విచిత్రమేమిటంటే, సైన్స్‌ను పక్కనపెట్టి గ్రీకు, లాటిన్ చుట్టూనే పిల్లలను తిప్పే అప్పటి ఇంగ్లండ్ చదువులను గట్టిగా విమర్శించినవారిలో ఆయనా ఒకరు.

ఆయన జీవితంలో ఇబ్బందికరమైన ఘట్టమూ ఉంది, దాన్ని దాచడం సరికాదు. 1903లో ఒక కుక్క మీద చేసిన ప్రయోగం గురించి లండన్‌లో పెద్ద గొడవ జరిగింది. కుక్కకు మత్తు సరిగా ఇవ్వలేదన్న ఆరోపణ మీద బేలిస్ పరువునష్టం దావా వేసి గెలిచారు. అయితే కోర్టులో స్టార్లింగ్ ఒక మాట ఒప్పుకున్నారు. ఒకే కుక్కను రెండు ప్రయోగాలకు వాడి తాను చట్టాన్ని దాటానని, రెండో కుక్క ప్రాణం తీయడం ఇష్టంలేక అలా చేశానని చెప్పారు. తప్పించుకోవడానికి చూడలేదు. జంతువుల మీద ప్రయోగాలు ఎంతవరకు సమంజసమన్న ప్రశ్న ఇప్పటికీ ఉంది. ఇంట్లో పిల్లలతో మాట్లాడదగ్గ ప్రశ్న అది.

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌కు ఆహారం కొరత వచ్చినప్పుడు, ప్రజలకు ఎంత తిండి కావాలో లెక్కలు కట్టి ప్రభుత్వానికి సలహాలిచ్చిన శాస్త్రవేత్తల్లో స్టార్లింగ్ ముఖ్యులు. యుద్ధం ముగిశాక 1919లో జర్మనీ వెళ్లి, అక్కడి ప్రజలు, పిల్లలు తిండిలేక ఎంత చిక్కిపోయారో చూసి నివేదిక రాశారు. నిన్నటి శత్రుదేశం కదా అని ఆయన కళ్లు మూసుకోలేదు.

1920లో ఆయనకు పెద్దపేగులో క్యాన్సర్ రావడంతో ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత కూడా ఏళ్లపాటు ప్రయోగశాల వదలలేదు. 1927 మే 2న, ఆరోగ్యం కోసం వెళ్తున్న ఓడ ప్రయాణంలో, జమైకాలోని కింగ్‌స్టన్ రేవు చేరువలో కన్నుమూశారు. వయసు 61. సమాధి జమైకాలోనే ఉంది.

ఆయన వేసిన దారిలో తర్వాతివాళ్లు చాలా దూరం నడిచారు. 1928లో కొలిసిస్టోకైనిన్ బయటపడింది. మనం తిన్న కొవ్వు, ప్రోటీన్ చిన్నపేగుకు చేరగానే ఇది విడుదలవుతుంది. దీన్ని ఇస్తే ఎలుకలు తక్కువ తింటాయని 1973లో తేలింది. 1994లో కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్, 1999లో ఖాళీ పొట్ట పంపే గ్రెలిన్ దొరికాయి. గ్రెలిన్ ఆకలిని రేపుతుంది, లెప్టిన్ తగ్గిస్తుంది. ఇప్పుడు వార్తల్లో వినిపించే బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోన్‌ను అనుకరించేవే. అవి డాక్టర్ చేతిలో ఉండాల్సిన మందులు, సొంత వైద్యానికి కావు.

ఇందులో ఒక చక్కని మలుపు ఉంది. కడుపు నిండిందన్న కబురును కొలిసిస్టోకైనిన్ మెదడుకు చేర్చేది ప్రధానంగా వేగస్ నరం ద్వారానే. అంటే నరాలదీ పాత్ర ఉంది, రసాయనాలదీ ఉంది. పావ్‌లోవ్ పూర్తిగా తప్పు కాదు, స్టార్లింగ్ ఒక్కరే ఒప్పూ కాదు.

ఇక మన లంచ్ బాక్స్ సంగతికి వద్దాం. రోజూ తినే వేళకు గ్రెలిన్ ముందే పెరుగుతుంది. అందుకే వేళకు పెడితే వేళకు ఆకలి వేస్తుంది. నిండిందన్న కబురు పేగు నుంచి మెదడుకు చేరడానికి కొంత సమయం పడుతుంది. టీవీ ముందు హడావిడిగా మింగిస్తే ఆ కబురు రాకముందే ప్లేటు ఖాళీ అవుతుంది. ఆకలితో ఉన్న పిల్లవాడు మొదటి పీరియడ్‌లో చిరాకుపడితే అది ఎప్పుడూ అల్లరే కాకపోవచ్చు. టిఫిన్ తినకుండా వచ్చిన పిల్లలను ఇక నుంచి మేమూ ముందు ఆ మాటే అడుగుతాం.

మీ పాప ఇక చాలమ్మా అన్నప్పుడు, ఇంకో ముద్ద పెట్టేముందు ఒక్క క్షణం ఆగండి. ఆ మాట వెనక పేగు రాసిన ఉత్తరం ఒకటి ఉండి ఉంటుంది. అయితే తిండి బాగా తగ్గిపోయినా, బరువు పడిపోతున్నా పిల్లల డాక్టర్‌కు చూపించడం మరచిపోకండి.