విలియం రాక్స్‌బర్గు పండితుని చరిత్రము

మాఘ ఫాల్గుణ మాసములలో మన పల్నాటి మిట్టలమీద మోదుగుచెట్లు ఆకురాల్చి ఎఱ్ఱని పూలతో నిండియుండును. సత్తెనపల్లి పరిసరముల బాలబాలికలకు ఆ పూవు క్రొత్తది కాదు. దాని ఆకులతో విస్తళ్లు కుట్టుటయు ఎల్లరెఱిగినదే. అయితే ఆ చెట్టును శాస్త్రరీతిని పరీక్షించి లోకమునకు తెలిపిన పండితుడొకడు మన తెలుగుదేశమున పండ్రెండేండ్లు నివసించెనని ఎఱిగినవారు కొందఱే. ఆయన చరిత్రమును మా విద్యార్థులకొఱకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

విలియం రాక్స్‌బర్గు 1751వ సంవత్సరమున స్కాట్లాండు దేశమందలి ఎయిర్‌షైరులో జన్మించెను. ఎడింబరోలో వైద్యము నేర్చుచు, జాన్ హోపు అను ఆచార్యునియొద్ద వృక్షశాస్త్రమును అభ్యసించెను. ఆ కాలమున ఔషధములలో పెక్కు మొక్కలనుండియే లభించుచుండెను గనుక వైద్యునకు ఆ విద్య అవసరము. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడై చెన్నపట్టణము చేరి, 1781లో ఉత్తర సర్కారులలోని సామర్లకోటకు వచ్చెను. అచ్చట తోటవేసి మిరియము మొదలగు వానిని పెంచెను. కొండలను, అడవులను వెదకి మొక్కలను సేకరించెను.

ఈ పనిలో ఆయన ఒంటరి కాడు. స్వీడనుదేశపు లిన్నేయసు పండితుని శిష్యుడును, తరంగంబాడి మిషనుకు వైద్యుడుగా ఈ దేశమునకు వచ్చినవాడును అగు కోనిగు ఆయనకు మిత్రుడు, మార్గదర్శి. 1785లో కాకినాడయొద్ద జగన్నాథపురమున కోనిగు రోగపీడితుడై మరణించినపుడు రాక్స్‌బర్గే ఆయనకు చికిత్స చేసెను. మన దేశపు సర్పములనుగూర్చి గ్రంథము వ్రాసిన పాట్రిక్ రస్సెలు మఱియొక స్నేహితుడు.

1787లో గొప్ప తుపాను వీచి, కోరంగి తీరముమీదికి సముద్రము పొంగివచ్చెను. వేలకొలది జనులు నశించిరి. రాక్స్‌బర్గు అంతవఱకు కూర్చుకొనిన పుస్తకములు, వ్రాతప్రతులు, ఎండబెట్టిన మొక్కలు పోయెను. ఏండ్ల శ్రమ వ్యర్థమైనదని ఆయన చేతులు ముడుచుకొనలేదు. పూలు మరల పూచును గదా! మరల అడవులకు పోయెను, మరల వ్రాసెను.

ఈ దేశపు చిత్రకారులను నియమించి, తాజా మొక్కలను ఎదుట నుంచుకొని రంగుల చిత్రములను వ్రాయించెను. వానిలోనుండి ఎన్నుకొనిన 300 చిత్రములతో కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన గ్రంథము 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగా లండనులో అచ్చయ్యెను. మన మోదుగును, తీగమోదుగును అందు కలవు. మోదుగుపూల కషాయమున, పటిక పట్టించిన నూలుబట్టను ముంచిన పసుపువన్నె వచ్చునని కూడ ఆయన పరీక్షించి వ్రాసెను.

1789 మొదలుకొని సర్కారులను కఱవు పీడించెను. అపుడు కండ్లార చూచిన కష్టమునకు ఆయన హృదయము కరగెను. వానలు తప్పినను కొంత ఆహారమిచ్చు కొబ్బరి, పనస మొదలగు చెట్లను విరివిగా నాటింపవలెనని కంపెనీవారికి విన్నవించెను.

1793లో కలకత్తా తోటకు అధికారియై, 1813 వఱకు ఆ పని నిర్వహించెను. శ్రీరాంపూరు మిషనరీయగు విలియం కేరీ ఆయనకు ప్రాణమిత్రుడు. ఒక చెట్టుజాతికి రాక్స్‌బర్గు కేరీ పేరు పెట్టెను. ఆయన 1815లో ఎడింబరోలో మరణింపగా, భారతదేశపు మొక్కలనుగూర్చి విడిచిపోయిన వ్రాతప్రతులను అచ్చువేయించుటకు కేరీయే పూనుకొనెను.

విద్యార్థులారా, ఒక్క విషయము గమనింపుడు. రాక్స్‌బర్గు లాటిను పేర్లతోపాటు తెలుగు పేర్లను కూడ తన గ్రంథములలో ఎక్కించెను. ఆ పేర్లను ఆయనకు నేర్పినది ఈ నేలమీద బ్రదికిన సామాన్యజనులే. సెలవుదినములలో స్నేహితులతో కొండప్రక్కకు పోయినపుడు పూలు త్రెంచి పాఱవేయక, ఒక్కొక్కదాని పేరు గొఱ్ఱెలకాపరినో, ఇంటిలోని అవ్వనో అడిగి, చోటును దినమును పుస్తకమున వ్రాసికొనుడు. ఎఱిగిన పెద్దలు గతించినపిదప చెట్టు నిలిచియున్నను, దాని పేరు చెప్పువా రుండరు.