దామెర్ల రామారావు: రాజమండ్రిలో మిగిలిన బొమ్మలు

విశాఖ నుంచి రైల్లో మూడు, మూడున్నర గంటల దూరంలో, రాజమండ్రిలో ఒక చిత్రకారుడి పేరుతో ఆర్ట్ గ్యాలరీ ఉంది. గోదావరి స్నానానికి వెళ్లొచ్చే మనలో చాలామంది ఆ లోపలికి అడుగుపెట్టి ఉండరు.

దామెర్ల రామారావు 1897లో పుట్టారు. చిన్ననాటి నుంచీ ధ్యాసంతా బొమ్మల మీదే. ఆ ఊరి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. కుర్రాడి గీతల్లో సత్తా ఉందని గుర్తుపట్టి, 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించారు. బొమ్మలు గీసి బతుకుతాడా అని ఆ ఇంట్లో ఎంత చర్చ జరిగి ఉంటుందో పిల్లలున్న మనకు ఇట్టే తెలుస్తుంది.

చదువయ్యాక ఆయన బొంబాయిలో స్థిరపడలేదు. దేశం తిరిగి, సొంత ఊరికే వచ్చి చిత్రకళ నేర్పే బడి పెట్టారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. నూరేళ్ల కిందట అది చిన్న సంగతి కాదు. ఆయన బొమ్మల్లో మన మనుషులు, మన చీరకట్టు, గోదావరి వెలుగు కనిపిస్తాయి.

1925 ఫిబ్రవరిలో మశూచి ఆయన్ని తీసుకుపోయింది. 28 నిండడానికి ఇంకా నెల ఉంది.

మిత్రుడు వరదా వెంకటరత్నం బడిని నిలబెట్టారు. బొమ్మలు చెల్లాచెదురు కాకుండా ఊళ్లోనే మిగిలాయి. సెలవుల్లో వెళితే పిల్లల చేతికి ఒక స్కెచ్ బుక్, పెన్సిల్ ఇవ్వండి. ‘పుష్పాలంకారం’ ముందు కాసేపు కూర్చోనివ్వండి, తొందరపెట్టకండి.