నక్షత్రాలను చూసి ఊరికి టైము చెప్పిన జగ్గారావు గారు

అనకాపల్లి అనగానే ఎవరికైనా ముందు బెల్లం గుర్తొస్తుంది. ఆ తరువాత నూకాలమ్మ జాతర, శంకరంలోని బొజ్జన్నకొండ. మన ఊరి గొప్ప చెప్పమంటే మనం కూడా ఈ మూడూ చెప్పి ఊరుకుంటాం. వీటి సరసన చెప్పుకోదగ్గ మరో పేరు ఉంది. అది గొడే వెంకట జగ్గారావు గారిది. సైన్సు విద్యార్థులకే ఆయన సంగతి అంతగా తెలియదంటే తప్పు మనదే.

పంతొమ్మిదో శతాబ్దంలో అనకాపల్లి జమీందారీ గొడే వారిది. ఆ వంశంలో 1817లో జగ్గారావు గారు పుట్టారు. తినడానికీ కట్టుకోవడానికీ లోటు లేని ఇల్లు. ఆ రోజుల్లో జమీందారు బిడ్డ ఏం చేసినా అడిగేవాడు లేడు, ఏమీ చేయకపోయినా అడిగేవాడు లేడు. ఏనుగులు, పల్లకీలు, కోర్టు దావాలు - వీటితోనే ఎన్నో జమీలు కరిగిపోయాయి. ఈయన మనసు మాత్రం ఆకాశం మీదికి పోయింది.

మన దగ్గర పంచాంగం చెప్పేవాళ్ళకు కొదవ లేదు. గ్రహణం ఎప్పుడు పడుతుందో లెక్క కట్టి చెప్పే పండితులూ ఉన్నారు. అయితే అప్పుడు లోకంలో కొత్తగా వస్తున్న విద్య వేరు. లెక్కలో తేలిన దాన్ని దుర్భిణి పెట్టి చూడాలి, గడియారంతో సరిచూడాలి, తేడా వస్తే దాచకుండా రాసుకోవాలి. ఆ విద్య కోసం జగ్గారావు గారు మద్రాసు వెళ్ళారు. అక్కడి నక్షత్రశాలకు 1830 నుంచి 1848 దాకా అధిపతిగా ఉన్న థామస్ గ్లాన్‌విల్ టేలర్ దగ్గర శిష్యరికం చేశారు. టేలర్ తయారుచేసిన జాబితాలో 11,015 నక్షత్రాల స్థానాలున్నాయి. కెమెరాలు లేని ఆ కాలంలో రాత్రుళ్ళు మేలుకుని ఒక్కొక్క చుక్కనూ కంటితో చూసి కొలిచి రాసిన జాబితా అది. అలాంటి గురువు దగ్గర నేర్చుకున్నవాడికి ఓపిక అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మద్రాసులో అప్పుడు వెలువడుతున్న శాస్త్ర పత్రికకు జగ్గారావు గారు వ్యాసాలు కూడా రాశారు.

తిరిగొచ్చాక 1840లో విశాఖపట్నంలో, ఇప్పుడు మనం డాబా గార్డెన్స్ అని పిలుస్తున్న చోట, తన సొంత ఇంట్లో, సొంత ఖర్చుతో నక్షత్రశాల కట్టారు. అప్పటికి ఆయన వయసు ఇరవై మూడు. మన ఎమ్మెస్సీ క్లాసులో కూర్చున్న కుర్రాడి వయసన్నమాట! విశాఖకు అప్పుడు రైలు లేదు, తంతి లేదు, హార్బరు లేదు. హార్బరు తెరిచింది 1933లో. అలాంటి ఊళ్ళో దూరదేశపు యంత్రాలను బిగించి, సరిచేసి, రోజూ పనిచేయించడం మాటలు కాదు.

ఇంతకీ ఆ నక్షత్రశాల వల్ల ఊరికి ఒరిగిందేమిటి? టైము!

అది ఎలాగో చూద్దాం. భూమి తిరుగుతూంటే ప్రతి నక్షత్రమూ రోజుకొకసారి మన నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలకు గీసిన గీతను దాటుతుంది. ట్రాన్సిట్ టెలిస్కోపును ఆ గీత వెంట మాత్రమే కదిలేలా బిగిస్తారు. ఏ నక్షత్రం ఎప్పుడు గీత దాటాలో జాబితాలో ఉంటుంది. అది దాటిన క్షణాన గడియారం ఎంత చూపిస్తోందో చూస్తే గడియారం తప్పు తెలిసిపోతుంది. అంటే గడియారానికి పరీక్ష పెట్టి మార్కులు వేసేది నక్షత్రం.

ఆ టైము ఓడలకు ప్రాణంతో సమానం. నడిసముద్రంలో నావికుడు తాను ఎంత తూర్పున, ఎంత పడమట ఉన్నాడో తెలుసుకునేది గడియారంతోనే. నాలుగు నిమిషాల తేడా అంటే ఒక డిగ్రీ రేఖాంశం. గడియారం ఒక్క నిమిషం తప్పితే మన తీరం దగ్గర ఓడ సుమారు 26 కిలోమీటర్లు పక్కకు పోయినట్టే. హార్బరు లేని ఆ రోజుల్లో ఓడలు తీరానికి దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. వాటికి టైము ఎలా అందించడం? జగ్గారావు గారు డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కొయ్య నిలబెట్టించారు. జెండా సంకేతం చూసి ఓడలోని వాళ్ళూ, ఊళ్ళోని వాళ్ళూ గడియారాలు సరిచేసుకునే ఏర్పాటు అది. ఆకాశంలో నక్షత్రం, కొండ మీద జెండా, ఓడలో గడియారం - మూడింటినీ ఒక్క దారంతో కట్టారన్నమాట.

ఆయన 1856లో, నలభై ఏళ్ళు నిండకుండానే కన్నుమూశారు. ఒక్క మనిషి సరదాగా మొదలుపెట్టిన పనులు ఆ మనిషితోనే పోవడం మనం చూస్తూనే ఉన్నాం. ఇక్కడ అలా జరగలేదు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నిలబెట్టారు. 1868 ఆగస్టు 18న గుంటూరు మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పడి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ వచ్చి పరిశోధించిన కాలం అది. 1871లో నరసింగరావు గారు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నడిచినప్పుడు విశాఖ నుంచి చూసి, తన కొలతలను ఆ సొసైటీకి పంపారు. సూర్యుడు మనకెంత దూరమో తేల్చడానికి దేశదేశాలవారు కొలిచిన కొలతల్లో మన తీరపు కొలత కూడా చేరింది. 1892లో ఆయన పోయాక ఆయన భార్య, అంటే జగ్గారావు గారి కుమార్తె, కొంతకాలం ఆ బాధ్యత మోశారు.

ఒక మాట దాచకూడదు. ఆ దుర్భిణులు కొన్న డబ్బు ఊరికే రాలేదు. జమీల సంపదంతా చెరకు నరికిన, వరి కోసిన రైతుల చెమటే. అయితే ఆ చెమటలో కొంతైనా విద్యగా మారి మళ్ళీ పదిమందికీ పనికొచ్చింది. అలా మార్చినవాళ్ళు అరుదు కాబట్టే జగ్గారావు గారిని తలుచుకోవాలి.

అనకాపల్లి 2022లో జిల్లా అయింది. మన జేబుల్లోని ఫోన్లు సెకను తేడా లేకుండా టైము చెబుతున్నాయి. రోజుకో కొత్త టెక్నాలజీ వస్తోంది, మనం కొనుక్కుంటున్నాం, నాలుగు రోజులు మురుసుకుని పక్కన పడేస్తున్నాం. జగ్గారావు గారూ కొత్త యంత్రాన్ని కొన్నవారే. కాని కొని ఊరుకోలేదు. ముందు దాని లోపలి విద్య నేర్చుకున్నారు, తరువాత దానితో ఊరికేం అవసరమో ఆలోచించారు.

డాబా గార్డెన్స్‌లో బస్సు దిగినప్పుడు ఒక్క నిమిషం ఆగి తల పైకెత్తండి. ఆ ఆకాశాన్నే ఇరవై మూడేళ్ళ మనవాడొకడు కొలిచాడు. మన వయసు కూడా అంతే కదా!