ఖద్దరు కట్టిన వైద్యవిద్యార్థి

తెలుగు కోస్తా పల్లెలకు బోదకాలు తరతరాల నాటి బెడద. కావలి మొదలు కృష్ణపట్నం వరకు గల నెల్లూరు సముద్రతీరం కూడ దానిని బాగుగా ఎరుగును. ఆ వ్యాధికి వాడుకలోనున్న డైఇథైల్ కార్బమజైన్ మాత్ర ఒకటి. కీళ్ళవాతంతో వేళ్ళు కొంకర్లు పోయిన వృద్ధురాలు వైద్యుని సలహాపై వారానికి ఒక్కసారి మింగే మెథోట్రెక్సేట్ మాత్ర మరొకటి. ఈ రెండును ఒక తెలుగువాని నాయకత్వాన సాగిన పరిశోధనల నుండి వెలువడినవే. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావుగారు.

1895 జనవరి 12న భీమవరంలో ఆయన జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. బాల్యంలో చదువుపై మనసు నిలువలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. తల్లి తన నగలమ్మి పంపగా, గోదావరి సీమ విడిచి, నెల్లూరు దాటి, మద్రాసు చేరి హిందూ హైస్కూలు నుండి మూడవసారి గట్టెక్కారు.

మద్రాసు వైద్యకళాశాలలో చదువుతున్న దినాలలో గాంధీమహాత్ముని పిలుపు ఆయన చెవిని బడింది. శస్త్రచికిత్సాశాలకు సైతం ఖద్దరు ధరించి వెళ్ళారు. ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది కంటగింపైంది. తత్ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టానికి మారుగా, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికందింది. విద్యార్థి తెలివిని చూడవలసిన చోట ఒంటిమీది బట్టను చూచారన్నమాట! ప్రభుత్వోద్యోగం దొరకక, డాక్టర్ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకొన్నారు. గ్రహణి వ్యాధి ఆయన సోదరులనిద్దరిని పొట్టనబెట్టుకొన్నది. వైద్యుడై యుండియు ఆ వ్యాధికి మందెరుగని బాధ ఆయనను జీవితాంతం వెంటాడి ఉంటుంది.

మామగారి సాయంతోను, కాకినాడ సత్యలింగం ధర్మనిధి సాయంతోను 1923 అక్టోబరులో ఆయన బోస్టను చేరారు. త్వరలో తిరిగివత్తునని భార్య శేషగిరికి చెప్పి వెళ్ళారు. హార్వర్డులో పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో కూలిపని. ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి రక్తమూత్రాదులలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. అది నేటికీ ప్రయోగశాలలలో వారిరువురి పేరనే నిలిచి యున్నది. కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏ.టి.పి.ని వెలికితీసినవారిలో వారును ముఖ్యులు. ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. 1940లో ఆయన లెడర్లీ ఔషధసంస్థకు తరలిపోయారు.

అక్కడ ఆయన పర్యవేక్షణలో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైంది. గ్రహణికి పనికివచ్చిన మందు అదే! కాని సోదరులకు ఆలస్యమైంది. పిమ్మట ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని రూపంలో పోలియుండి, గుణంలో దాని పనిని అడ్డగించే రసాయనాలను సృజించింది. వానిలో ఒకదానిని బోస్టనులో డాక్టర్ ఫార్బర్ రక్తపు క్యాన్సరు సోకిన బాలలకిచ్చి, వ్యాధి తాత్కాలికంగా తగ్గుటను 1948లో ప్రకటించారు. దానికి దగ్గరి చుట్టమే మెథోట్రెక్సేట్.

పోలిక చేత మోసపోవుట శరీరానికి కొత్త కాదు. కొన్ని వైరస్‌ల అంశాలు మన కణాలలోని అంశాలను పోలియుంటవి. వైరస్‌పై లేచిన రక్షణబలం ఆ పోలిక చేత భ్రమసి స్వంత కణజాలంపైననే పడుట ఆత్మనిరోధక వ్యాధులకు ఒక కారణమని వైద్యుల అభిప్రాయం. ఎప్‌స్టీన్–బార్ వైరస్‌కు, మల్టిపుల్ స్క్లిరోసిస్ అను నాడీవ్యాధికి గల సంబంధాన్ని అమెరికా సైనికుల రక్తపరీక్షలు 2022లో గట్టిగా బలపరచినవి. కీళ్ళవాతానికి మూలం ఏ వైరసో ఇంకను తేలలేదు. మెథోట్రెక్సేట్ వైరస్‌ను చంపదు. దారి తప్పిన ఆ రక్షణకణాల ఉద్ధృతిని అణచును.

ఈ ఫలితాన్ని చూచుటకు సుబ్బారావుగారు లేరు. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సులో, నిద్రలోనే కన్నుమూశారు. ఆ తరగతి మందును కీళ్ళవాతానికి వాడిచూచిన వార్త 1951లో వెలువడింది. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడుటకు అమెరికా ప్రభుత్వామోదం లభించేసరికి 1988 వచ్చింది. భార్యకిచ్చిన మాట మాత్రం అట్లే మిగిలిపోయింది. అమెరికాలో గడిపిన ఇరువదియైదేండ్లలో ఆయన ఒక్కసారియైన స్వదేశానికి రాలేదు. ఆ దేశపు పౌరుడును కాలేదు.