గోవిందరాజీయ కర్త

వాల్మీకి రామాయణమును కాలక్షేపమున వినువారిలో గోవిందరాజీయమను పేరెఱుగనివారు దక్షిణదేశమున అరుదు. భూషణమనియు వ్యవహరింపబడు నా వ్యాఖ్యను రచించిన గోవిందరాజు కాంచీపురవాసి, కౌశికగోత్రుడు, శఠకోపదేశికుని శిష్యుడు. కాలము పదునాఱవ శతాబ్ది. ఊరు కాంచియే యైనను, ఆ గ్రంథము మొలకెత్తినది మన తిరుమలపైననే యని మేము చెప్పుదుము. అంజనాద్రి శిఖరమున, వేంకటేశుని యెదుట, యతిరాజ సన్నిధి వాకిట నానాదేశ పండితులు గుమిగూడి, రామాయణమునకు విపులముగ వ్యాఖ్య వ్రాయుమని స్వప్నమున తన్ను కోరిరని ఆయనయే ఆదిని తెలుపుకొనియున్నాడు.

ఈ స్వప్నము ఊరక వచ్చినది కాదు. ఆ కొండ దిగువనే రామానుజులు మేనమామయగు తిరుమలనంబి కడ ఏడాదికాలము రామాయణార్థములను వినిరని సంప్రదాయము. గురుముఖమున నడచు అర్థము శిష్యుడు లేని తరమొక్కటి వచ్చెనా, అంతటితో సరి. అట్టి సొత్తును తాటాకున కెక్కించి కాచినవాడు గోవిందరాజు. చీనాదేశమునను లావోజీ గ్రంథమునకు 249లో చిన్నవయసుననే మరణించిన వాంగ్ బీ వ్రాసిన వ్యాఖ్య వెంటనే మూలమును శతాబ్దముల తరబడి సాగివచ్చినది.

ఆయన కాండకొక నగ చేయించెను. బాలకాండవ్యాఖ్య మణిమంజీరము; అయోధ్యకు పీతాంబరము, అరణ్యమునకు రత్నమేఖల, కిష్కింధకు ముక్తాహారము, సుందరకాండకు శృంగారతిలకము, యుద్ధకాండకు రత్నకిరీటము. పాదములనుండి శిరస్సు వఱకు స్వామిని అలంకరించు అర్చకుని వరుస యిది. తిరుమలలో కూర్చి చూచినవానికే తోచును!

వ్యాకరణము, పాఠభేదములు తేల్చి, పిమ్మట లోతునకు దిగుట ఆయన రీతి. బోయను శపించిన శ్లోకమును లక్ష్మీనివాసుని మంగళాశాసనముగా విడదీసిన నేర్పు లోకప్రసిద్ధము. ఇది మూలమునకు మించిన సాహసమని పెదవి విఱుచువారు కలరు. వారి మాటను మేము పూర్తిగ త్రోసిపుచ్చము. విభీషణ శరణాగతికడ మాత్రము ఆయనకు సాటి లేడు. అన్న నేరమునకు తమ్ముని శిక్షింపవచ్చునా, శత్రుగృహమునుండి వచ్చినవానిని నమ్మవచ్చునా యను తగవును ఒక్కొక్క మాట పట్టి విచారించి, శరణన్నవాని గుణదోషములు లెక్కకు రావని తీర్చినాడు.

1912–1920 నడుమ బొంబాయి గుజరాతీ ముద్రణాలయమువారు ఈ భూషణమును తిలక, శిరోమణి వ్యాఖ్యలతో చేర్చి యొకే పుటలో అచ్చొత్తించిరి. 1960–1975 నడుమ బరోడాలో వెలువడిన పరిశోధిత ప్రతికిని ఆయన పాఠములు ఆధారములలో నొకటియైనవి.