భూమిని కొలిచిన విలియం లాంబ్టన్

నాంపల్లిలోగాని, ఆబిద్స్ కూడలిలోగాని గడియారం మధ్యాహ్నం 12 గంటలు చూపే సమయానికి సూర్యుడు మన ఊరి మధ్యాహ్న రేఖను చేరి ఉండడు. అందుకు సగటున మరి 16 నిమిషాలు పడుతుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు కావాలి. 1906 నుండి భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. హైదరాబాదు ఉన్నది సుమారు 78½ డిగ్రీల మీద.

ఈ డిగ్రీలను ఎక్కడి నుండి లెక్కించాలి? అక్షాంశాలకు భూమధ్యరేఖ ప్రకృతిసిద్ధమైన ఆధారం. రేఖాంశాలకు అట్టి ఆధారం లేదు. సున్నాను మానవులే నిర్ణయించుకోవాలి. మన సిద్ధాంతకర్తలు ఉజ్జయిని రేఖను, అరబ్బు భూగోళవేత్తలలో కొందరు పశ్చిమ సముద్రంలోని శాశ్వత ద్వీపాలను మూలంగా గ్రహించారు. 1884లో వాషింగ్టన్ సమావేశం గ్రీనిచ్ రేఖను ప్రధాన రేఖగా అంగీకరించింది. అయితే సున్నాను నిర్ణయించుకోవడం ఒక ఎత్తు, అక్కడి నుండి మన నేల ఉనికిని కొలవడం మరొక ఎత్తు. ఈ రెండవ కార్యానికి జీవితాన్ని ధారపోసినవాడు లాంబ్టన్.

ఆయన ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో సామాన్య కుటుంబంలో జన్మించాడు. సైనికుడై అమెరికా యుద్ధంలో 1781లో బందీ అయ్యాడు. తరువాత కెనడాలో ఉండగా సూర్యగ్రహణాన్ని పరిశీలిస్తూ ఒక కంటి చూపును పోగొట్టుకున్నాడు. మిగిలిన కంటితోనే గణితాన్ని, నక్షత్రాలను ఆరాధించాడు. 1799 మైసూరు యుద్ధంలో ఒక రాత్రి సేన దారి తప్పి శత్రువుల వైపు నడుస్తున్నదని నక్షత్రాలను చూచి గుర్తించినవాడు ఆయనే.

1802 ఏప్రిల్ 10న మద్రాసు చెంత సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఏడున్నర మైళ్ళ ఆధార రేఖను ఉక్కు గొలుసుతో కొలవనారంభించాడు. ఆ రేఖపై త్రిభుజాలను అల్లుకుంటూ దక్షిణాపథమంతా సాగాడు. 1808లో తంజావూరు ఆలయ గోపురం మీదికి ఎత్తుతుండగా అర టన్ను బరువున్న థియోడలైట్ దెబ్బతిన్నది. ఆయన నిరాశపడక కొన్ని వారాలు శ్రమించి స్వయంగా దానిని బాగుచేశాడు. 78వ రేఖాంశం చేరువగా కన్యాకుమారి నుండి ఉత్తరంగా సాగిన ఆయన కొలత 1815 నాటికి బీదరు ప్రాంతం చేరింది.

చివరి సంవత్సరాలలో హైదరాబాదే ఆయన కార్యస్థానం. 1818లో సహాయకుడిగా నియమితుడైన జార్జ్ ఎవరెస్టు ఆయనను కలిసినది ఈ నగరంలోనే. నాగపూరుకు పయనమైన లాంబ్టన్ 1823 జనవరి 20న దారిలో హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. ఆయన పనిని ఎవరెస్టు కొనసాగించాడు.

ఈ సర్వే రేఖాంశాలకు మూలం మద్రాసు నక్షత్రశాల. గ్రీనిచ్ నుండి దాని దూరాన్ని ఆనాడు బృహస్పతి ఉపగ్రహాల గ్రహణాలను బట్టి నిర్ణయించారు. ఆ శతాబ్ది చివర తంతి ద్వారా కాలాన్ని పోల్చి చూడగా, అందులో సుమారు రెండున్నర నిమిషాల కోణం, అనగా నాలుగున్నర కిలోమీటర్ల దోషం బయటపడింది. అయినను త్రిభుజాలు చెడలేదు. మొత్తం పటాన్ని పడమరకు జరిపితే సరిపోయింది. ఊరికీ ఊరికీ నడుమ దూరాలు చెక్కు చెదరలేదు.

మూలాన్ని తరువాతివారు సవరించగలరు. కొలతలో నిజాయితీ లోపిస్తే దానిని సవరించే దారి లేదు. పటం మీద మన నగరాన్ని చూచినప్పుడు విద్యార్థులు ఆ ఒంటికంటి సైనికుని స్మరించుట ఉచితం.